మొదటి గ్లాసు

ఆ వేసవి దాకా మా ఇంట్లో ఎవరమూ దేన్నీ రుచి చూసేవాళ్ళం కాదు. మింగేవాళ్ళం, అంతే. కంచంలో ఏది పడినా మొహం చిట్లించకుండా లోపలికి పంపేయాలి. చిట్లిస్తే ఇంకో గరిటె పడేది. మా నాన్న బడిలో డ్రిల్లు మాస్టారు. ఆయన లెక్కలో నాలుకంటే అల్లరి పిల్లాడు. దాన్ని బెంచీ ఎక్కించాలే గానీ అడిగిందల్లా పెట్టకూడదు.

ఉద్యోగం నుంచి దిగిపోయినా నాన్న మెళ్ళోంచి విజిల్ మాత్రం దిగలేదు. లేవడానికొకటి, భోజనానికొకటి, దీపాలార్పడానికొకటి. మా వీధి వాళ్ళకి గడియారంతో పని లేకుండా పోయింది. వెనకాల అందరూ ఆయన్ని విజిల్ మాస్టారనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసి మీసం చాటున నవ్వుకునేవాడు.

అమ్మ మాట్లాడటమే తక్కువ. ఆయనకి ఎదురు చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ వినలేదు. నేనేదైనా సణిగితే "ఆయనకి తెలీదుటే?" అని పనిలో పడిపోయేది. అందరి ఇళ్ళల్లో అమ్మలూ అంతే అనుకునేదాన్ని.

నేను బిస్కెట్ల బేకరీలో మధ్యాహ్నం షిఫ్టు చేసేదాన్ని. నాన్నకి అంతకంటే తలవంపు లేదు. మైదా, పంచదార, వెన్న ఆయన దృష్టిలో మూడూ విషాలే. విరిగిన బిస్కెట్లు పొట్లం కట్టి తెస్తే గడప దాటనిచ్చేవాడు కాదు. వీధి చివర రెండు కుక్కల ఆయన ఉండేవాడు. నా పొట్లంలో సగం ఆ రెండు కుక్కలకీ పోయేది, మిగతా సగం ఆయనకి. అమ్మ మాత్రం నా చున్నీ దగ్గరికి లాక్కుని వెన్న వాసన చూసి వదిలేసేది.

బేకరీలో మా మేస్త్రీది ఇంకో పద్ధతి. పిండి కలిపిన ప్రతిసారీ అందరి చేతా చిటికెడు నాలుక మీద పెట్టించేవాడు. ఉప్పు పడిందో లేదో పొయ్యికేం తెలుస్తుందర్రా, ముందు మీరు చెప్పండి అనేవాడు. అలా పొద్దున ఇంట్లో మింగుతూ, మధ్యాహ్నం బేకరీలో రుచి చూస్తూ నేను రెండు రకాల మనిషిగా బతికాను.

ఆ ఏడు ఎండలు ముదరక ముందే నాన్న పార్కు గేటు దగ్గర రసాల బల్ల పెట్టాడు. డబ్బు కోసం కాదు. ఊళ్ళో జనం తిండి తినడం మర్చిపోయారనీ, తను గుర్తు చేయాలనీ ఆయన బాధ. మడత బల్ల, స్టీలు గిన్నె, వరసగా గ్లాసులు, వెనక ఆకుపచ్చ రంగు బోర్డు. దాని మీద ఆయనే రాశాడు: "పచ్చిది. సహజమైనది. వారం తాగండి, డాక్టరును మర్చిపోండి." సొరకాయ రసమే ముఖ్యం. గుండెకి మంచిదనీ, ఒళ్ళు తగ్గుతుందనీ, రక్తం కడిగేస్తుందనీ ఆయన చెబుతుంటే నడకకొచ్చిన వాళ్ళు చెమట తుడుచుకుంటూ తలలూపేవాళ్ళు. గుండె మీద భయం ఉన్నవాళ్ళే కదా పొద్దున్నే నడిచేది. వాళ్ళకి కావలసింది ధైర్యం. నాన్న దాన్ని గ్లాసులో పోసిచ్చేవాడు.

తాగడానికీ ఒక డ్రిల్లు ఉంది. మొదటి గ్లాసు అమ్మది. నాన్న విజిల్ ఊదగానే అమ్మ గ్లాసెత్తి ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాలి. "మా ఆవిడ వయసెంతో చెప్పండి చూద్దాం" అనేవాడు నాన్న. ఎవరో మొహమాటానికి పదేళ్ళు తగ్గించి చెప్పేవాళ్ళు. అమ్మ సిగ్గుతో కుచించుకుపోయేది. అప్పుడు రెండో విజిల్. అందరూ ఒకేసారి, ఊపిరి బిగబట్టి, నాలుకకి తగలకుండా గొంతులో పోసుకోవాలి. నాన్న అందరి తర్వాత తాగేవాడు. జట్టు తాగాకే కెప్టెన్ తాగాలట. మెల్లగా చప్పరిస్తూ తాగేవాళ్ళని నాన్న సహించేవాడు కాదు. మందుని చప్పరిస్తారటయ్యా అని అరిచేవాడు.

నేను గ్లాసులు కడిగేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ విజిల్‌కి బ్యాంకు మేనేజర్లూ, వకీళ్ళూ, పోస్టాఫీసులో పనిచేసే గుండెజబ్బు మేడమూ చిన్నపిల్లల్లా గ్లాసులెత్తుతుంటే నాకూ మా నాన్న గొప్పవాడే అనిపించేది.

ఎండలు ముదిరాయి. కుళాయిలు రోజు విడిచి రోజుకి వచ్చాయి. బజారులో సొరకాయలు వడిలిపోయి, చూడగానే చెయ్యి పెట్టబుద్ధి కాకుండా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మా పెరట్లో, తొక్కలూ గింజలూ పారేసే మూల, ఒక సొర తీగ తనంతట తానే మొలిచి గోడెక్కింది. దానికి ఎవరూ నీళ్ళు పోయలేదు. మనుషులకే లేవు, దానికెక్కడివి? అయినా మండుటెండలో నవనవలాడుతూ కాయలు దించింది. నాన్న ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఎరువు లేదు, పురుగుమందు లేదు, చివరికి నీళ్ళు కూడా లేవు, సహజమంటే ఇదీ అని వచ్చే పోయే వాళ్ళకల్లా చూపించాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని చెప్పినవాణ్ణి తీసుకురండి, ఈ తీగకి కట్టేస్తాను అన్నాడు.

మొదటి కాయలు కోసిన పొద్దున నాన్న బోర్డు మీద ఇంకో మాట చేర్చాడు: "ఈరోజు మా పెరటి కాయ." వంటింట్లో అమ్మ కాయ చెక్కు తీస్తూ ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏవండీ, వాసన వేరేగా ఉంది" అంది.

"బజారు కాయలకి అలవాటు పడ్డ ముక్కు అది. అసలు వాసన ఇదే."

అమ్మ మళ్ళీ కత్తి పట్టుకుంది. చెక్కు తీసి, ముక్కలు కోసి, రుబ్బి, వడకట్టింది. ఎప్పటిలాగే ఎవరమూ వేలు ముంచి చూడలేదు. మింగే ఇంట్లో అలా చూసేవాళ్ళెవరుంటారు?

పార్కు దగ్గర ఆ పొద్దున జనం బాగా ఉన్నారు. గ్లాసులన్నీ నింపి బల్ల మీద వరసలు పెట్టాం. రెండు కుక్కల ఆయన ఎప్పటిలాగే వరస తప్పి ముందే ఓ గ్లాసు చేజిక్కించుకుని నిలబడ్డాడు. నాన్న పెరటి తీగ చరిత్ర చెప్పి, విజిల్ ఊదాడు.

అమ్మ గ్లాసెత్తింది. సగంలో ఒక్క క్షణం ఆగింది. ఎప్పుడూ ఆగేది కాదు. నాన్న కనుబొమ్మలు లేచాయి. మళ్ళీ ఎత్తి మిగతాదీ తాగేసి, గ్లాసు బోర్లించి చూపించింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నాన్న రెండో విజిల్‌కి ఊపిరి తీసుకుంటున్నాడు.

అప్పుడు అమ్మ తూలింది. తూలి బల్ల మీద పడింది. బల్ల ఒరిగిపోయి గిన్నె, గ్లాసులు, వరసలు, అన్నీ నేలపాలు. పడుతూ పడుతూ ఇటుపక్క ఉన్న రెండు కుక్కల ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన గ్లాసూ ఎగిరిపోయింది. ఆయన చొక్కా, కుక్కలు, పోస్టాఫీసు మేడమ్ బూట్లు ఆకుపచ్చగా అయిపోయాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాన్న నవ్వలేదు. అంతమంది ముందూ "ఒళ్ళు తెలీదా నీకు?" అన్నాడు. అమ్మ తలొంచుకుని గాజు పెంకులు ఏరడం మొదలుపెట్టింది. రేపు రెండింతలు పోస్తానని నాన్న అందరికీ మాటిచ్చి పంపేశాడు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ నాన్న సణుగుతూనే ఉన్నాడు. పెరటి కాయ అంతా మట్టిపాలు చేసిందనీ, నలుగురిలో పరువు తీసిందనీ. అమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వెనకగా నడిచింది. ఇంటికొచ్చి వంటింటి మెట్టు మీద కూలబడింది. మొహం పాలిపోయింది. ఏమైందమ్మా అని నేను అడిగేలోపే వాంతి చేసుకుంది. ఆ వెంటనే మళ్ళీ. ఆపకుండా మళ్ళీ.

నాన్న కంగారు పడలేదు. నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు, ఆయన సంతోషించాడు. ఒంట్లో ఏళ్ళ తరబడి పేరుకున్న చెడంతా బయటికి పోతోందన్నాడు. బోర్డు మీద రాసిందే మా ఇంట్లో జరుగుతున్నట్టు మాట్లాడాడు. తర్వాత నా వంక అనుమానంగా చూసి, చాటుగా నీ బిస్కెట్లేమైనా పెట్టావా అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ మాటకి మాట చెప్పే సమయం కాదు, అమ్మ చేతులు చల్లబడుతున్నాయి. తడిగుడ్డతో మొహం తుడుస్తూ కూర్చున్నాను.

నాన్న ఈలోగా పెరట్లోకి వెళ్ళి ఇంకో కాయ కోసుకొచ్చాడు. తనే రుబ్బాడు. గ్లాసు నింపుకుని వచ్చి, ఇది పడితే కడుపు కుదుటపడుతుంది, లే, అని అమ్మ పెదవుల దగ్గర పెట్టబోయాడు. అమ్మ నోరు తెరవలేదు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది.

ఆ చూపుకి నేను గ్లాసు లాక్కున్నాను. ఎందుకో చెప్పలేను, బేకరీ అలవాటే అయ్యుండాలి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.

అది చేదు కాదు. చేదనే మాట దానికి చాలదు. నాలుక వెనక్కి ముడుచుకుపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గొంతు తనంతట తనే మూసుకుపోయింది. ఉమ్మేశాను. నోరు కడుక్కున్నా పోలేదు. ఒక్క చుక్కే ఇలా ఉంటే అమ్మ గ్లాసంతా ఎలా తాగిందో అర్థంకాక నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాన్నా, ఇది నాలుక మీద పెట్టుకోండి. మింగకండి. ఉంచుకోండి, అంతే."

జీవితంలో మొదటిసారి నేను ఆయనకి ఆర్డరు వేశాను. ఆ గొంతుకి భయపడ్డాడో ఏమో, ఆయన వేలు ముంచి పెట్టుకున్నాడు. మీసం వణికింది. చిట్లించిన మొహానికి ఇంకో గరిటె వడ్డించే మా నాన్న మొహం, ఎండిన ఆకులా ముడుచుకుపోయింది.

"చేదైతేనే మందు" అన్నాడు. కానీ ఆ గొంతు ఆయనది కాదు.

అప్పుడే అమ్మ మళ్ళీ వాంతి చేసుకుంది. ఈసారి అందులో రక్తం ఉంది.

రెండు కుక్కల ఆయన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆయన చొక్కా మీద ఆకుపచ్చ మరకలు ఇంకా ఆరలేదు. లోపల అమ్మ చేతికి సెలైన్ గుచ్చారు, రక్తపోటు అందడం లేదని ఇంకో నర్సుని పిలిచారు. డాక్టరమ్మ వయసు నాకంటే కాస్త ఎక్కువేమో. పొద్దుటి నుంచీ ఏం తిన్నారని అడిగింది. నాన్న బడిలో నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, ఏమీ తినలేదమ్మా, పరగడుపున సొరకాయ రసం మాత్రమే అన్నాడు. ఆ "మాత్రమే"లో ఇంకా కాస్త గర్వం ఉంది.

"చేదుగా ఉందా?" అంది డాక్టరమ్మ వెంటనే.

నాన్న నా వంక చూశాడు. ఉందని నేనే చెప్పాను.

ఆవిడ చెప్పింది నాకు ముక్కముక్కలుగా చెవిన పడింది. మంచి సొరకాయ చేదుగా ఉండదట. తనని ఎవరూ తినకుండా మొక్క చేసుకునే విషమే ఆ చేదట. నీళ్ళు లేక ఎండకి మాడిన తీగకీ, గింజ పడి తనంతట తాను మొలిచిన తీగకీ అది ఎక్కువయ్యే అవకాశం ఉందట. వండినా పోదట. విరుగుడు లేదు, నీళ్ళెక్కిస్తూ, రక్తపోటు పడిపోకుండా చూస్తూ కనిపెట్టుకుని ఉండటమే అంది. రేపటి దాకా ఏమీ చెప్పలేనని కూడా అంది.

నాన్న ఒక అడుగు ముందుకు వేశాడు.

"విషమా? మా పెరట్లోదమ్మా అది" అన్నాడు.

"ఎక్కడిదైనా అంతేనండీ" అని ఆవిడ మెల్లగా చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

బయట బెంచీ మీద నాన్న కొయ్యబారిపోయి కూర్చున్నాడు. నాకు కోపం, భయం, ఏది ముందో తెలియలేదు. అమ్మ పోతుందేమో అన్న మాట మనసులోకి వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడేదాన్ని. నాన్న పొద్దుటి వరసలో వాళ్ళని పైకే తలుచుకోవడం మొదలుపెట్టాడు. పోస్టాఫీసు మేడమ్, ముసలి వకీలు, ఆ పొద్దునే కొత్తగా వరసలో చేరిన, కడుపుతో ఉన్న అమ్మాయి. అందరూ తాగి ఉంటే? ఆయన విజిల్‌ని పిడికిట్లో మూసేశాడు.

"ఆ బల్ల కాలు విరిగి కాపాడింది" అన్నాడు.

అమ్మకి బట్టలు తేవడానికి సాయంత్రం నేను ఇంటికెళ్ళాను. మడత బల్ల వరండా గోడకి ఆనించి ఉంది. ఏ కాలు విరిగిందో చూద్దామని విప్పాను. నాలుగు కాళ్ళూ టకటకా నిలబడ్డాయి. కొక్కేలు గట్టిగా పట్టాయి. మీద చేతులాన్చి బరువంతా వేశాను. కదల్లేదు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పొద్దున అమ్మ తూలింది అటువైపు. పట్టుకున్నది ఇటువైపు ఉన్న రెండు కుక్కల ఆయన చెయ్యి. గ్లాసున్న చెయ్యే. పడిపోయే మనిషి పట్టుకునే తీరు కాదది. నా కళ్ళతో చూశాను, చూసి నవ్వాను. బట్టలు తీసుకోకుండానే సగం దూరం వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తీసుకుని పరిగెత్తాను.

బల్ల సంగతి నాన్నకి చెప్పాను. నమ్మలేనట్టు చూశాడు. తర్వాత తల గోడకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

అమ్మ బతికింది. తెల్లారాక రక్తపోటు నిలిచింది, రక్తం ఆగింది. ఇంకో నాలుగు రోజులకి మెత్తటిదేదైనా పెట్టొచ్చు అన్నారు. మా మేస్త్రీకి చెబితే అప్పుడే పొయ్యిలోంచి తీసిన బ్రెడ్డు గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఆ మైదా పొట్లంతో గదిలోకి అడుగుపెడుతూ అలవాటుగా నాన్న వైపు చూశాను. ఆయన లేచి నాకు కుర్చీ ఇచ్చాడు.

అమ్మ దిండుకి ఆనుకుని కూర్చుంది. మనిషి సగమైపోయింది. నాన్న ఆ నాలుగు రోజులూ ఏదో అడగబోయి మానేయడం నేను చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు అడిగాడు.

"బల్ల నువ్వే తోశావా?"

అమ్మ ఔనన్నట్టు తలూపింది. "అది తాగేలా లేదండీ" అంది.

"ఆ మాట ఒక్కటి నోటితో అంటే సరిపోయేది కదా."

"అందరి ముందా?"

నాన్న మంచం పట్టె పట్టుకున్నాడు. "సరే. మరి నువ్వెందుకు తాగావు? సగంలో ఆగావు, నేను చూశాను. తెలిసింది కదా నీకు. మిగతాది ఎందుకు తాగావు?"

ఇందులో అడగడానికేముందన్నట్టు అమ్మ ఆయన వంక చూసింది.

"మీరు విజిల్ ఊదారు కదండీ" అంది.

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా అంది. ఆ కాయలో ఉన్న విషం సంగతి తెలిసినప్పుడు కూడా నేనంత అదిరిపోలేదు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లోనే పెరిగాను, ఆ విజిల్‌కే లేచాను, పడుకున్నాను, పార్కులో దాన్ని చూసి మురిసిపోయాను. నాన్న వైపు చూడలేకపోయాను.

నేను బ్రెడ్డు తుంచి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని పట్టుకుని కూర్చుంది. నోట్లో పెట్టుకోలేదు. ఆకలి లేదేమో అనుకున్నాను. ఆమె నాన్న వైపే చూస్తోంది. ఎదురుచూస్తోంది. ఆ సంగతి నాకంటే ముందు నాన్నకి అర్థమైంది. "తిను" అనబోయాడు. పెదవులు కదిలాయి కూడా. ఆగిపోయాడు.

"నోట్లో పెట్టుకుని చూడు" అన్నాడు. "నచ్చకపోతే ఉమ్మేయ్."

ఉమ్మడానికి ఆయనే దోసిలి పట్టాడు.

అమ్మ ఆ దోసిలి వంక, ఆయన వంక చూసి, చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది. అమ్మ అంతసేపు ఏదైనా నమలడం నేనెప్పుడూ చూడలేదు. మింగి, కాస్త ఆలోచించి, నా వైపు తిరిగింది.

"ఉప్పు కొంచెం తక్కువైందే" అంది.